ఒకే సీసా, రెండు గతులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ట్రాయ్ అనే పేరుగల ఊళ్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు ఉత్తరాన, తెలుగు కుటుంబాలు అధికసంఖ్యలో స్థిరపడిన ట్రాయ్ ఒకటి. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న ట్రాయ్ మరొకటి. ఈ రెండు ఊళ్ల అంగళ్లలో దొరికే అర లీటరు మంచినీటి సీసా ఒక్కటే. పదార్థం ఒకటే, బరువు ఒకటే, రూపమూ ఒకటే. అయినా న్యూయార్క్ ట్రాయ్‌లో ఆ ఖాళీ సీసాను తిరిగి ఇచ్చిన వారికి ఐదు సెంట్లు ముడతాయి. మిషిగన్ ట్రాయ్‌లో దాని విలువ సున్న. ఇంకా విచిత్రమేమంటే, అదే మిషిగన్‌లో, అదే పదార్థంతో తయారైన శీతల పానీయం సీసాకు పది సెంట్లు వస్తాయి.

ఈ వ్యత్యాసం స్వల్పంగా కనిపించవచ్చు. కాని ఒక సీసా మళ్లీ ఏదో ఒక వస్తువుగా రూపొందుతుందా, లేక చెత్తను పూడ్చే దిబ్బలో శతాబ్దాల తరబడి పడి ఉంటుందా అన్నది చాలావరకు ఈ సెంట్ల మీదనే ఆధారపడి ఉంది. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, ఉగాది సభలకు పెట్టెల కొద్దీ నీటి సీసాలు తెప్పించుకొనే కుటుంబాలు, ఆ సీసాను నీలి డబ్బాలో వేసిన తరువాత దానికి ఏమి జరుగుతుందో, అందువల్ల పర్యావరణానికి ఒనగూడే మేలు ఎంతో తెలుసుకోవడం అవసరం.

చొక్కా గుడ్డ నుంచి సీసా దాకా

ఈ సీసాల పదార్థం పేరు పాలిథిలీన్ టెరిఫ్తలేట్. పొడి అక్షరాలలో పి.ఇ.టి. అంటారు. 1941లో ఇంగ్లండులో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దీనిని తయారుచేసి పేటెంటు పొందారు. వారు కోరినది సీసా కాదు, నూలుపోగు. ఒక తరం క్రితం తెలుగునాట పెళ్లికొడుకులు మోజుపడిన టెరిలీన్ చొక్కా ఈ పదార్థమే. దీనిని ఊది సీసాగా మలచే పద్ధతికి డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియెల్ వైయెత్ 1973లో పేటెంటు సంపాదించాడు. ఈయన సుప్రసిద్ధ చిత్రకారుడు ఆండ్రూ వైయెత్‌కు అన్నగారు.

ఇథిలీన్ గ్లైకాల్, టెరిఫ్తాలిక్ ఆమ్లం అనే రెండు చిన్న అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని పొడవైన గొలుసుగా ఏర్పడితే ఈ బృహదణువు తయారవుతుంది. రెండింటికీ మూలం ముడిచమురు, సహజవాయువు. ఒక్కొక్క లంకె పడినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఈ చర్య ఇరువైపులా నడవగలదు. అంటే, కరిగేటంత వేడి మీద ఉన్న ప్లాస్టిక్‌కు తేమ తగిలితే ఆ నీరు తిరిగి లంకెలలో దూరి గొలుసును తుంచివేస్తుంది. రీసైక్లింగ్‌లోని కష్టసుఖాలన్నీ ఈ ఒక్క విషయంలోనే ఇమిడి ఉన్నాయి.

సీసా పగలకుండా, లోపలి వాయువు ఒత్తిడికి ఉబ్బకుండా ఉండాలంటే గొలుసులు బాగా పొడవుగా ఉండాలి. నూలుపోగుకు అంత పొడవు అక్కరలేదు. ఒకసారి వాడి, కడిగి, కరిగించిన ప్లాస్టిక్‌లో గొలుసులు ఎంతో కొంత పొట్టివి అవుతాయి కనుక, పాత సీసా పోగుగా మారడం సులభం. మళ్లీ సీసాగా మారడం కష్టం. అందువల్లనే తొలి దశాబ్దాలలో సేకరించిన సీసాలు ఎక్కువగా తివాచీలుగా, దిండ్లలోని దూదిగా, చలికోట్ల అస్తరుగా మారాయి. డెట్రాయిట్ కార్ల పరిశ్రమ కూడా వీటిని వాడుకొంది. ఫోర్డ్ సంస్థ 2012 ఫోకస్ ఎలక్ట్రిక్ కారు సీట్ల గుడ్డను పాత సీసాల నుంచి తీసిన పోగుతో నేయించింది.

ఇది మంచిదే గాని, ఇందులో ఒక లోపం ఉంది. తివాచీ పాతబడితే అది మళ్లీ తివాచీ కావడం అరుదు. దాని చివరి మజిలీ చెత్తదిబ్బే. అంటే సీసా తన అంత్యదశను కొన్నేళ్లు వాయిదా వేసుకొన్నదే తప్ప తప్పించుకోలేదు. సీసా తిరిగి సీసా అయినప్పుడే వలయం పూర్తవుతుంది. అందుకు మార్గం ఉంది. కడిగి ఆరబెట్టిన పలుకులను కరగనీయకుండా, సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడి మీద, గాలి లేని చోట గాని నత్రజని వాయువులో గాని గంటల తరబడి ఉంచితే, తెగిన గొలుసులు మళ్లీ అతుక్కొని పొడవు పెంచుకొంటాయి. ఈ విధంగా శుద్ధిచేసిన ప్లాస్టిక్‌ను ఆహారపానీయాలకు వాడడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1990ల నుంచి సమ్మతి తెలుపుతూ వస్తున్నది.

కూలిడ్జ్ రహదారి మీది శాల

ట్రాయ్ నగరవాసులు వీధి అంచున పెట్టే రీసైక్లింగ్ డబ్బాలోని సరుకు ఎంతో దూరం పోదు. సౌత్ ఈస్టర్న్ ఓక్లాండ్ కౌంటీ రిసోర్స్ రికవరీ అథారిటీ, ముద్దుపేరు సోక్రా, అనే ఉమ్మడి సంస్థలో ట్రాయ్, రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్, క్లాసన్ మొదలైన 12 పట్టణాలు భాగస్వాములు. ఈ సంస్థ సరుకును వేరుచేసే శాల ట్రాయ్‌లోనే కూలిడ్జ్ రహదారి మీద ఉంది. 2017లో దీనిని తిరిగి కట్టి, కాగితాలు, డబ్బాలు, సీసాలు అన్నీ ఒకే బండిలో కలిపి వేసే పద్ధతికి అనుగుణంగా మార్చారు.

ఇటువంటి శాలలో సరుకు పట్టాల మీద కదులుతూ పోతుంది. బల్లపరుపుగా ఉన్న కాగితాలు తిరిగే జల్లెడల మీద ఒక వైపు పోతాయి. గుండ్రని సీసాలు, డబ్బాలు మరొక వైపు దొర్లుతాయి. ఇనుమును అయస్కాంతం లాగుతుంది. అల్యూమినియంను విద్యుత్ ప్రవాహాలు ఎగురగొడతాయి. ప్లాస్టిక్ రకాలను పరారుణ కాంతి గుర్తిస్తుంది. ఒక్కొక్క ప్లాస్టిక్ ఆ కాంతిని ఒక్కొక్క విధంగా మింగుతుంది కనుక, క్షణంలో రకం తేల్చి, గాలి ఊదుతో సీసాను దాని తొట్టిలోకి నెట్టివేయవచ్చు. పూర్తిగా చదును చేసిన సీసాను యంత్రం కాగితమని భ్రమించే అవకాశం ఉన్నది. కనుక ఇంటి వద్ద సీసాను తొక్కి అట్టలా చేయడం సహాయం కాదు.

ఇలా వేరైన సీసాలను గుంటూరు పత్తి బేళ్ల మాదిరిగా బేళ్లు కట్టి, కడిగే కర్మాగారాలకు అమ్ముతారు. మిషిగన్ దక్షిణ భాగంలోని డండీ అనే ఊళ్లో ప్లాస్టిపాక్ సంస్థ అనుబంధమైన క్లీన్ టెక్ ఇటువంటి కర్మాగారాన్ని నెలకొల్పింది. అక్కడ సీసాలను పలుకులుగా తరిగి, వేడి క్షారజలంతో కడిగి, జిగురును, కాగితాన్ని వదలగొడతారు. తరువాతి దశ తెలుగు వంటింటికి సుపరిచితమే. బియ్యం గాలించినప్పుడు తవుడు పైకి తేలి, రాళ్లు అడుగుకు చేరినట్లు, నీటి కంటే బరువైన పి.ఇ.టి. పలుకులు మునుగుతాయి, మూతల ప్లాస్టిక్ తేలుతుంది. పి.ఇ.టి. సాంద్రత 1.38, మూతలకు వాడే పాలిప్రోపిలీన్ సాంద్రత 0.9. మూత బిగించే పంపడం మేలని నేటి కర్మాగారాలు చెప్పడానికి కారణం ఇదే. విడిగా పడేసిన మూత జల్లెడ సందులలో జారిపోతుంది.

ఈ గాలింపుకు లొంగనిది ఒకటి ఉంది. పి.వి.సి. అనే ప్లాస్టిక్ సాంద్రత కూడా ఇంచుమించు పి.ఇ.టి.తో సమానం. అది నీటిలో వేరుపడదు. కొలిమిలో పి.ఇ.టి. కరిగే వేడికి పి.వి.సి. విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వెలువరిస్తుంది. ఆ ఆమ్లం గొలుసులను తెంచుతుంది, సరుకును పసుపు రంగుకు తిప్పుతుంది. పదివేల పలుకులలో ఒకటి ఉన్నా బేరం చెడిపోతుంది. సీసా అడుగున త్రికోణంలో కనిపించే 1 నుంచి 7 వరకు ఉన్న అంకెలు 1988లో వచ్చిన రకం గుర్తులు. అవి ప్లాస్టిక్ ఏదో చెబుతాయే కాని, అది రీసైక్లింగ్‌కు పనికివస్తుందని హామీ ఇవ్వవు.

మేలు ఎంత, కీడు ఎంత?

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఫ్రాంక్లిన్ అసోసియేట్స్ అనే సంస్థ రీసైక్లర్ల సంఘం కోరికపై 2018లో వెలువరించిన జీవితచక్ర గణన ప్రకారం, ముడిచమురు నుంచి ఒక కిలో కొత్త పి.ఇ.టి. తయారు చేస్తే సుమారు 2.8 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. పాత సీసాల నుంచి అదే కిలో తీస్తే 0.9 కిలో మాత్రమే. అంటే బొగ్గుపులుసు వాయువు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. శక్తి వినియోగం 79 శాతం తగ్గుతుంది. సేకరణ లారీలు, కడుగుడు నీరు, కరిగించే కొలిమి అన్నీ కలుపుకొన్న తరువాతి లెక్క ఇది. రీసైక్లింగ్ ఒట్టి బూటకమని వాదించేవారికి ఇది సమాధానం.

అయితే ఆ మేలుకు హద్దులు ఉన్నాయి. మొదటిది తరుగు. నూరు కిలోల బేలు నుంచి నూరు కిలోల శుభ్రమైన పలుకులు రావు. మూతలు, లేబుళ్లు, తేమ, మురికి, రంగు సీసాలు పోగా నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తరుగు ఉంటుంది. రెండవది నీటి కాలుష్యం. ప్లాస్టిక్‌ను తరిగి కడిగినప్పుడు కంటికి కనిపించని నలుసులు నీటిలో కలుస్తాయి. బ్రిటన్‌లోని ఒక మిశ్రమ ప్లాస్టిక్ కర్మాగారంపై 2023లో ప్రచురితమైన పరిశోధనలో, వచ్చిన ప్లాస్టిక్‌లో 13 శాతం దాకా ఇలా నలుసులుగా పోవచ్చునని, వడపోత ఏర్పాటు చేసిన తరువాత అది 6 శాతానికి తగ్గవచ్చునని అంచనా వేశారు. ఒక్క కర్మాగారపు లెక్కను అన్నిటికీ అంటగట్టరాదు. కాని వడపోత ఎంత ముఖ్యమో అది తెలుపుతున్నది.

మూడవ హద్దు మన చేతిలోనిదే. అర లీటరు నీటి సీసా బరువు సుమారు 10 గ్రాములు. 24 సీసాల పెట్టె మొత్తం కలిపి 240 గ్రాములు. తరుగు పోను ఈ పెట్టెను రీసైకిల్ చేయడం వల్ల ఆదా అయ్యే బొగ్గుపులుసు వాయువు కిలోలో మూడో వంతు. అమెరికాలో సగటు కారు ఒక మైలు నడిస్తే వెలువరించేది 0.4 కిలో. అంటే ఖాళీ సీసాల కోసమే ప్రత్యేకంగా కారు తీసి ఒక మైలు వెళ్తే, ఆదా అయినది అంతా కరిగిపోయి కొంత అప్పు మిగులుతుంది. అంగడికి ఎలాగూ వెళ్లే ప్రయాణంలోనే సీసాలు తీసుకుపోవాలి.

500 మంది వచ్చిన వేడుకలో మనిషికి రెండు సీసాల చొప్పున వాడారనుకొందాం. వెయ్యి సీసాలు, పది కిలోల ప్లాస్టిక్. దాని తయారీకే 28 కిలోల బొగ్గుపులుసు వాయువు ఖర్చయింది. ప్రతి సీసానూ ఏరి రీసైకిల్ చేస్తే తిరిగి వచ్చేది 12 నుంచి 14 కిలోలు. సగం మాత్రమే. అసలు సీసాలే తేకపోతే మొత్తం 28 కిలోలూ, దానిపై లారీ రవాణా ఖర్చూ మిగిలేవి. డెట్రాయిట్ నుంచి హైదరాబాదుకు ఒక మనిషి రానుపోను విమాన ప్రయాణం టన్నుకు తక్కువ కాకుండా వెలువరిస్తుందన్నది గుర్తుంచుకొంటే, వాతావరణం దృష్ట్యా సీసా పాపం చిన్నదే. దాని పెద్ద పాపం కుళ్లకపోవడం. కాలువలో పడిన సీసా ఎండకు పెళుసెక్కి, నలిగి నలుసై, చేప కడుపుకు చేరుతుంది. రీసైక్లింగ్‌కు ఉన్న ప్రధాన ప్రయోజనం, సీసాను కాలువకు పోనీయకుండా ఎవరో ఒకరు పట్టుకోవడానికి ఒక కారణం కల్పించడం.

పది సెంట్ల చట్టం

ఆ కారణాన్ని మిషిగన్ ప్రజలు 1976 నవంబరులోనే కల్పించారు. శాసనసభ వెనుకాడిన బాటిల్ చట్టాన్ని ప్రజలే ఓటుకు పెట్టి గెలిపించారు. 1978 డిసెంబరులో అది అమలులోకి వచ్చింది. బీరు, సోడా, శీతల పానీయాల సీసా కొన్నప్పుడు పది సెంట్లు ధరావతుగా చెల్లించాలి. ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ పది సెంట్లు వెనక్కి వస్తాయి. దేశంలో తొలి చట్టం 1971లో ఒరెగన్‌లో వచ్చింది. నేడు పది రాష్ట్రాలలో ఇటువంటి చట్టం ఉంది.

ఫలితం అందరికీ తెలిసినదే. 1990లలో మిషిగన్‌లో ధరావతు కట్టిన సీసాలు, డబ్బాలలో 95 శాతానికి పైగా తిరిగి వచ్చేవి. దేశం మొత్తం మీద పి.ఇ.టి. సీసాల సేకరణ 1995లో 39.7 శాతం ఉండి, 2003 నాటికి 19.6 శాతానికి దిగజారి, 2023లో 33 శాతానికి చేరింది. ఈ మధ్యకాలంలో అమ్మకాలు పెరిగిన సీసాలలో సింహభాగం మంచినీటివి. అవి ఇంటి బయట తాగి పడేసేవి. అనేక రాష్ట్రాలలో వాటికి ధరావతు లేదు. ధరావతు సీసాలు శుభ్రంగా, ఒకే రకంగా చేరుతాయి కనుక వాటి బేళ్లకు తరుగు తక్కువ, ధర ఎక్కువ. సీసా తిరిగి సీసా అయ్యే భాగ్యం ఎక్కువగా వాటికే దక్కుతుంది.

1976లో చట్టం రాసినవారు మంచినీటి సీసాను విస్మరించలేదు; అది అప్పటికి బజారులో దాదాపు లేదు. న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాలు 2009లో తమ చట్టాలను సవరించి నీటి సీసాలను చేర్చాయి. మిషిగన్ చేర్చలేదు. ప్రజలు ఓటుతో తెచ్చిన చట్టాన్ని సవరించాలంటే ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఉభయసభలలోనూ నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి, లేదా మళ్లీ ప్రజల ఓటే కావాలి.

ఇంతలో పది సెంట్ల బిగువు సడలుతున్నది. 1978 నాటి పది సెంట్లు నేటి అర డాలరుకు దగ్గర. 2019లో 89 శాతం దరిదాపుల్లో ఉన్న వాపసు, 2020లో కోవిడ్ వల్ల కొన్ని నెలలు యంత్రాలు మూతపడిన తరువాత కోలుకోలేదు. 2022లో అది 76 శాతం దగ్గర నిలిచింది.

స్వదేశంలో సీసా

తెలుగునాట ధరావతు చట్టం లేకపోయినా వాడిన సీసా రోడ్డు మీద ఎక్కువసేపు నిలవదు. చిత్తు కాగితాలు ఏరుకొనేవారు దానిని గోతంలో వేసుకొని పాత సామాను కొట్టుకు చేరుస్తారు. మిషిగన్‌లో పది సెంట్లు చేసే పనిని అక్కడ పేదరికం చేస్తున్నది. ఆ సేకరణ ఫలితంగానే ఓరుగల్లు సమీపాన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో పాత సీసాలను పలుకులుగా, పోగుగా మార్చే గణేశా సంస్థ కర్మాగారం 2022లో ప్రారంభమయింది. సేకరణ గొప్పదే కాని, చేతికి తొడుగు లేకుండా చెత్తకుప్పలో వెదికే మనిషి ఆరోగ్యం ఈ లెక్కలో ఎవరి ఖాతాకూ ఎక్కదు.

తిరిగి నింపి వాడుకోవడం మాత్రం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. గోలీ సోడా కాయ నిండుగా వచ్చి, ఖాళీగా వెనక్కి వెళ్లి, మళ్లీ నిండేది. హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన ఆ సీసా దశాబ్దాల పాటు తెలుగు ఊళ్లలో చేతులు మారింది. రైలు ప్రయాణానికి మరచెంబు ఉండేది. పెళ్లి పందిట్లో కాగు నిండా నీళ్లు, పక్కన గ్లాసులు ఉండేవి. తిరుమల కొండ మీద దేవస్థానం వారు ప్లాస్టిక్ సీసాలను తొలగించి గాజు సీసాలకు మారడం ఆ పాత అలవాటును పునరుద్ధరించడమే.

చేయదగినవి

ట్రాయ్ కుళాయిలలో వచ్చే నీరు హ్యూరన్ సరస్సుది. గ్రేట్ లేక్స్ వాటర్ అథారిటీ శుద్ధిచేసి, పరీక్షించి పంపుతుంది. అరవై మైళ్ల లోపే ఉన్న ఫ్లింట్‌లో 2014 తరువాత జరిగిన సీసపు కాలుష్యం వల్ల చాలామందికి కుళాయి నీటిపై నమ్మకం సడలింది. ఫ్లింట్ ప్రజలకు ప్రభుత్వం 2016 నుంచి 2018 ఏప్రిల్ దాకా సీసా నీరే పంచవలసి వచ్చింది. అటువంటి ఆపదలో సీసా ప్రాణరక్షకమే. ఆపద లేని చోట, సందేహం ఉన్న ఇంట్లో నీటిని పరీక్ష చేయించి, అవసరమైతే వడపోత పెట్టుకోవడం చాలు.

సభలలో, వేడుకలలో అయిదు గ్యాలన్ల నీటి పీపాలు, గ్లాసులు ఏర్పాటు చేయవచ్చు. ఆహ్వానపత్రికలోనే ఎవరి నీటి పాత్ర వారు తెచ్చుకోవలసిందని ఒక వాక్యం చేర్చవచ్చు. సీసాలు తప్పనిసరి అయితే భోజనాల పళ్లేలు పడేసే చోటే వాటికి వేరే డబ్బా పెట్టి, ఇద్దరు యువకులను కాపలా ఉంచవచ్చు. పులుసు, పెరుగు అంటిన పళ్లేలు కలిస్తే సీసాలూ చెత్త కిందనే పోతాయి. మిగిలిన నీటిని పారబోసి, మూత బిగించి వేయాలి. ధరావతు సీసాలను మాత్రం వేరుగా ఉంచి, గీతల గుర్తు చెడకుండా, అంగడి యంత్రానికి అప్పగించాలి.

ఇక చట్టం సంగతి. 1976లో మిషిగన్ బాటిల్ చట్టానికి ఓటు వేసినవారిలో తెలుగువారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉండి ఉంటారు. నేడు ఓక్లాండ్ కౌంటీలో పౌరసత్వం పొంది ఓటు హక్కు ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడే పుట్టిన వారి పిల్లలు ఓటు వయసుకు వచ్చారు. నీటి సీసాకు కూడా ధరావతు ఉండాలా వద్దా అన్న ప్రశ్న శాసనసభ ముందుకు గాని, మళ్లీ ప్రజల ఓటుకు గాని వచ్చిన రోజున, రెండు సీసాల ప్లాస్టిక్ ఒకటే అన్న సంగతి తెలిసినవారు తమ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయగలరు, ఒక ఓటు వేయగలరు.